ఆరుగురు కలిసి ప్రాజెక్టు లింకులు ఒకచోట దాచుకోవాలంటే: టూల్, ట్యాగులు, బాధ్యతలు

ప్రశ్న క్లుప్తంగా ఇది. హనుమకొండలో ఎం.ఏ. చరిత్ర చదువుతున్న ఆరుగురు కాకతీయుల కాలం చెరువుల మీద ఉమ్మడి ప్రాజెక్టు చేస్తున్నారు. దొరికిన ప్రతి లింకునూ వాట్సాప్ గ్రూపులో వేసుకుంటూ పోయారు, ఇప్పుడు ఏది ఎక్కడుందో ఎవరికీ తెలియడం లేదు, పంపిందే మళ్లీ పంపుకుంటున్నారు. అందరూ కలిసి బుక్‌మార్కులు దాచుకోవడానికి ఏది వాడాలి, ట్యాగులు తెలుగులో పెట్టాలా ఇంగ్లీషులోనా, ఇప్పటికే వాట్సాప్‌లో పేరుకుపోయిన వాటిని ఏం చేయాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. మీ ఆరుగురికీ రెయిన్‌డ్రాప్ అనే బుక్‌మార్కుల యాప్‌లో ఒక షేర్డ్ కలెక్షన్ (అందరూ లింకులు వేసుకునే ఉమ్మడి అర) చాలు. ఫోన్లో షేర్ బటన్ నొక్కితే అందులోకి వెళ్లిపోతుంది, ఉచిత ఖాతాతోనే కలిసి పనిచేయొచ్చు. ప్రాజెక్టు రిపోర్టులో ఫుట్‌నోట్‌గా వేయబోయే వాటిని మాత్రం కంప్యూటర్ మీద జొటెరో (ఆధారాలను, ఫుట్‌నోట్లను సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్) గ్రూప్ లైబ్రరీలోకి ఎక్కించుకోండి. ట్యాగులు తెలుగులోనే పెట్టండి, అయితే ఆరుగురూ ముందే కూర్చుని ఒప్పుకున్న జాబితాలో ఉన్నవే వాడాలి. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి లింకు కింద ఎందుకు దాచారో రెండు వాక్యాలు రాయాలి, రాయని లింకును కలెక్షన్‌లో ఉంచకూడదు. మీరు ఏ టూల్ వాడినా ఈ ఒక్క నియమం పాటిస్తే పని నడుస్తుంది. ఇది లేకపోతే వాట్సాప్‌లో ఉన్న గందరగోళమే ఇంకో యాప్‌లోకి మారుతుంది, అంతే.

నేను యూనివర్సిటీ లైబ్రరీలో రిఫరెన్స్ విభాగంలో పనిచేస్తాను. పరిశోధన బృందాలకు ఇలాంటి ఉమ్మడి కలెక్షన్లు పెట్టించడం, అవి పాడవకుండా చూసుకోవడం నా ఉద్యోగంలో భాగమే. డెలిషియస్ అనే పాత బుక్‌మార్కుల సైటు బాగా నడుస్తున్న రోజుల నుంచి ఈ పనిలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

నోట్ విషయంలో ఎందుకింత పట్టుబడుతున్నానో ముందు చెప్పాలి. చేనేత సహకార సంఘాల మీద పనిచేసిన ఒక బృందం కలెక్షన్ నా దగ్గరికి వచ్చింది. చాలా కష్టపడి కూడబెట్టారు, వందల కొద్దీ లింకులు. కానీ సగానికి పైగా వాటికి 'ఇంపార్టెంట్' అనే ఒక్క ట్యాగే ఉంది, ఇంకేమీ లేదు. తర్వాతి ఏడాది ఆ పని అందుకున్న పిల్లలు ఒక్కో లింకూ తెరిచి, అరవై డెబ్బై పేజీల పీడీఎఫ్ మొత్తం తిరగేసి, ఇందులో ముఖ్యమైనది ఏముందని వాళ్లు అనుకున్నారో ఊహించుకోవాల్సి వచ్చింది. కొన్నాళ్లు చూసి మళ్లీ గూగుల్‌లో మొదటి నుంచి వెతుక్కున్నారు. లింకు దాచిన రోజు మీ బుర్రలో ఒక కారణం ఉంటుంది, అది నెల తిరక్కుండానే పోతుంది, మిగతా ఐదుగురికైతే అది మొదటి రోజు కూడా తెలియదు.

నోట్ ఎలా ఉండాలో ఒకటి చూపిస్తాను. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత డిజిటల్ లైబ్రరీలో 1909 నాటి ఇంపీరియల్ గెజిటీర్ (బ్రిటిష్ కాలంలో ప్రాంతాల వివరాలతో వేసిన పుస్తకం), హైదరాబాద్ స్టేట్ సంపుటం స్కాన్ దొరుకుతుంది. దాన్ని మీలో ఎవరైనా దాచారనుకోండి. 'పాత గెజిటీర్, చాలా సమాచారం ఉంది' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఇలా రాయండి: 'వరంగల్ జిల్లా భాగంలో చెరువుల గురించి ఉంది, పుస్తకం పేజీ ఫలానా, స్కాన్‌లో పేజీ ఫలానా. నిజాం కాలంలో అధికారులు ఈ చెరువులను ఎలా వర్ణించారో చూపించడానికి రెండో అధ్యాయంలో పనికొస్తుంది. కాకతీయుల కాలం విషయాలకు దీన్ని ఆధారంగా తీసుకోవద్దు, వీళ్లు కూడా విన్నదే రాశారు.' చూశారా, ఎక్కడుంది, దేనికి పనికొస్తుంది, ఎంతవరకు నమ్మొచ్చు, మూడూ వచ్చేశాయి. పుస్తకం పేజీ నంబరు, స్కాన్ పేజీ నంబరు రెండూ ఎందుకంటే ముఖపత్రాలు, విషయసూచిక కలిసి రెండింటికీ తేడా వస్తుంది, గైడ్ ఎదురుగా కూర్చున్నప్పుడు వెతుక్కుంటూ టెన్షన్ పడక్కర్లేదు.

అదే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చిన తెలుగు పుస్తకాలు చాలా ఉన్నాయి, మీకు బాగా పనికొస్తాయి. వాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, తప్పుల తడకగా ఎక్కించి ఉంటాయి. బుక్‌మార్క్ చేస్తే ఆ తప్పుల పేరే మీ కలెక్షన్‌లోకి వస్తుంది, రేపు తెలుగులో వెతికితే దొరకదు. దాచేటప్పుడే టైటిల్ చెరిపేసి, స్కాన్‌లోని ముఖపత్రం చూసి పుస్తకం పేరు, రచయిత, అచ్చయిన సంవత్సరం మీ చేత్తో తెలుగులో టైప్ చేయండి. అరనిమిషం పని.

ఇక ట్యాగులు. సోషల్ బుక్‌మార్కింగ్ (నలుగురికీ కనబడేలా లింకులు దాచుకోవడం) గురించి నెట్లో చదివితే ఎవరికి తోచిన ట్యాగు వాళ్లు పెట్టుకోండి, అదే సర్దుకుంటుంది అని చాలామంది రాస్తారు. ఆ మాట డెలిషియస్ లాంటి చోట నిజమే. 2003లో జాషువా షాక్టర్ దాన్ని మొదలుపెట్టినప్పుడు అందులో గొప్పతనం అదే, ఒకే పేజీని వేలమంది దాచేవాళ్లు, ఒక్కొక్కరు ఒక్కో మాట పెట్టినా మొత్తం మీద ఏ మాటలు నిలబడతాయో కనబడేది. హెచ్‌పీ ల్యాబ్స్‌లో స్కాట్ గోల్డర్, బెర్నార్డో హ్యూబర్‌మన్ దీని మీద చేసిన పరిశోధన 2006లో అచ్చయింది. ఒక పేజీని సుమారు వందమంది దాచేసరికి దాని మీది ట్యాగుల నిష్పత్తి దాదాపు స్థిరపడుతుందని వాళ్లు గమనించారు. అక్కడ వందమంది ఉన్నారు, మీరు ఆరుగురే. మీ కలెక్షన్‌లో ఒక పేజీని ఒకరే దాచుతారు, ఆ ఒకరు పెట్టిన మాటే ఆ పేజీకి దారి. గుంపు సర్దే పనిని మీరు ముందుగా కూర్చుని మాట్లాడుకుని చేసుకోవాలి, వేరే మార్గం లేదు.

ఎలా కూర్చోవాలంటే, ఒక మధ్యాహ్నం ఆరుగురూ కలిసి మీ దగ్గరున్న లింకుల్లో ఓ పాతిక ముప్పై తెరిచి, ఇది నాకు మళ్లీ కావాలంటే ఏ మాటతో వెతుకుతాను అని ఒక్కొక్కరూ పైకి చెప్పండి. ఆ మాటలన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒకే విషయానికి మూడు మాటలు వస్తాయి, అందులో ఒకటి ఎంచుకోండి. మీ విషయంలోనైతే ఇది కచ్చితంగా వస్తుంది. చెరువు నిండాక మిగులు నీరు పొర్లే కట్టడాన్ని మీవైపు మత్తడి అంటారు, కోస్తా వాళ్ల వ్యాసాల్లో అలుగు అని ఉంటుంది, చిత్తూరు వైపు మొరవ అంటారు. నీళ్లు వదిలే మనిషి మీకు నీరటి, అటు నీరుగంటి. ట్యాగు 'మత్తడి' అని ఒక్కటే పెట్టుకుని, జాబితాలో దాని పక్కన 'అలుగు, మొరవ అని ఉన్నవి కూడా దీని కిందే' అని రాసుకోండి. ఏకవచనమా బహువచనమా అన్నది కూడా అప్పుడే తేల్చేయండి, చెరువు అంటే చెరువే, చెరువులు అని ఇంకో ట్యాగు వద్దు. పేర్ల స్పెల్లింగుదీ ఇదే గొడవ. పాఖాల, పాకాల, లక్నవరం, లఖ్నవరం, రెండు రకాలుగానూ రాస్తారు, ఏదో ఒకటి ఖాయం చేసుకోండి.

జిల్లాల విషయంలో మరీ జాగ్రత్త. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగింది, 2019లో ములుగు జిల్లా వచ్చింది, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. అంటే 2015 నాటి కాగితంలో వరంగల్ జిల్లా అని ఉంటే అందులో రామప్ప, లక్నవరం, పాఖాల మూడూ ఉంటాయి. ఇవాళ్టి కాగితంలో మొదటి రెండూ ములుగు జిల్లావి, పాఖాల మాత్రమే వరంగల్‌ది. 'వరంగల్' అనే ట్యాగు నొక్కితే ఏం రావాలో మీలో మీకే పేచీ వస్తుంది. అందుకని చెరువు పేరునే ప్రధానమైన ట్యాగుగా పెట్టుకుని, జిల్లా ట్యాగు ఇవాళ్టి లెక్క ప్రకారం పెట్టి, కాగితంలో ఉన్న పాత జిల్లా పేరును నోట్‌లో రాసుకోవడం మేలు. ఆంధ్రప్రదేశ్‌లో పనిచేసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది, 2022 ఏప్రిల్‌లో అక్కడ 13 జిల్లాలు 26 అయ్యాయి కదా.

తెలుగు ట్యాగులకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది, ఇది చాలామందికి తెలియదు. మన లిపిలో పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారిపోకుండా మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం వేస్తారు, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు దాన్ని. 'హుస్సేన్‌సాగర్' అని కలిపి రాయాలంటే అది ఉండాల్సిందే, లేకపోతే న కింద స ఒత్తు పడుతుంది. ఇబ్బంది ఎక్కడంటే వార్తల సైట్లలో అవసరం లేకపోయినా పదం చివరి పొల్లు తర్వాత కూడా ఇది చాలాసార్లు ఉంటుంది. మీరు హెడ్డింగులోంచి 'వరంగల్' అని కాపీ చేసి ట్యాగులో పేస్ట్ చేస్తే ఆ కనబడని అక్షరమూ వెంట వస్తుంది. అప్పుడు జాబితాలో 'వరంగల్' అని రెండు ట్యాగులు కనిపిస్తాయి, చూడ్డానికి అచ్చు ఒకేలా ఉంటాయి, ఒకదాని కింద కొన్ని లింకులు, రెండోదాని కింద కొన్ని. సాఫ్ట్‌వేర్ పాడైందని అనుకుంటారు. కాదు, కంప్యూటరుకు అవి నిజంగానే రెండు వేర్వేరు మాటలు. దీనికి మందు ఏమిటంటే ట్యాగుల జాబితాను ఒక గూగుల్ డాక్‌లో పెట్టి, ఆ డాక్ లింకునే కలెక్షన్‌లో మొదటి బుక్‌మార్కుగా ఉంచండి. ట్యాగు కావాలంటే అక్కడి నుంచే కాపీ చేసుకోవాలి, పేపరు హెడ్డింగు నుంచి ఎన్నడూ చేయకూడదు.

మరి ఇంగ్లీషులో పెడితే ఈ తలనొప్పి ఉండదు కదా అంటారేమో. ఉండదు, కానీ ఇంకోటి వస్తుంది. చెరువు, తూము, శిఖం భూమి (చెరువు లోపలి భూమి), గొలుసుకట్టు (ఒకదానికొకటి కలిపిన చెరువుల వరుస), వీటిని ఇంగ్లీషు అక్షరాల్లో ఆరుగురు ఆరు రకాలుగా రాస్తారు. పైగా మీ ఆధారాల్లో సగం తెలుగులో ఉంటాయి, మీరు మాట్లాడుకునేది తెలుగులో, వెతికేటప్పుడు తట్టేది తెలుగు మాటే. ఇంగ్లీషులో తప్ప వేరే వాడుక లేని వాటిని, అంటే జీవో, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం), పీడీఎఫ్ లాంటివాటిని, అలాగే తెలుగు లిపిలో రాసేయండి. బయటి రాష్ట్రాల వాళ్లతో కలిసి పనిచేసే బృందమైతే నేను ఇంగ్లీషే చెప్పేవాణ్ని, మీకు ఆ అవసరం లేదు.

ఒక్కో లింకుకు ఎన్ని ట్యాగులు? నాలుగైదుకు మించొద్దు. ఏ చెరువు, ఏ విషయం, ఏ రకం ఆధారం (శాసనం, గెజిటీర్, ప్రభుత్వ నివేదిక, వార్త, వీడియో, మ్యాపు), చదివారా లేదా. ఈ చివరిది చిన్నగా కనిపిస్తుంది కానీ చాలా పనిచేస్తుంది. 'చదవాలి' అన్న ట్యాగు నొక్కితే మిగిలిన పని ఎంతో అందరికీ ఒకేసారి కనబడుతుంది. డెలిషియస్‌లో ఒక చక్కటి ఏర్పాటు ఉండేది, ట్యాగులో 'ఫర్' అని, కోలన్ పెట్టి, మిత్రుడి ఖాతా పేరు రాస్తే ఆ లింకు నేరుగా వాళ్లకు చేరేది. మీరూ అలాంటిది చేసుకోవచ్చు, 'చూడాలి' పక్కన మీ స్నేహితురాలి పేరు కలిపి ఒక ట్యాగు పెట్టుకుంటే, శాసనాలు చదవగలిగే అమ్మాయికి శాసనాల లింకులు వాట్సాప్ అవసరం లేకుండానే అందుతాయి. ఆమె చూశాక ఆ ట్యాగు తీసేయాలి.

ట్యాగుల బాధ్యత ఒక్కరికే ఇవ్వండి. వంతులు వేసుకోవద్దు. నెలకొకరు మారితే పోయిన నెల ఎందుకు అలా నిర్ణయించారో కొత్తవాళ్లకు తెలియదు, మళ్లీ మార్చేస్తారు. ఆరుగురిలో ఎవరికి ఇలాంటి సర్దుడు పని ఇష్టమో వాళ్లే ప్రాజెక్టు అయ్యేదాకా చూసుకోవాలి. వారానికి ఒకసారి కూర్చుని కొత్తగా వచ్చినవి చూడటం, జాబితాలో లేని ట్యాగుల్ని సరిచేయడం, నోట్ లేని లింకును పెట్టినవాళ్లకు తిరిగి పంపడం, ఇదే పని. మొహమాటపడకుండా తిరిగి పంపాలి. బదులుగా మిగతావాళ్లు ఆమెకు లేదా అతనికి రాసే పని కాస్త తగ్గించండి, ఇది నిజంగా శ్రమతో కూడిన పని, రిపోర్టులో వాళ్ల పేరు పక్కన ఈ విషయం రాయండి. ఆరుగురూ సమానంగా లింకులు పెట్టాలని మాత్రం పట్టుబట్టొద్దు. నేను చూసిన ఏ బృందంలోనూ అలా జరగలేదు. ఇద్దరు విపరీతంగా తెస్తారు, ఇద్దరు అప్పుడప్పుడు, మిగిలినవాళ్లు చదువుతారు. చదివేవాళ్లు నోట్ కింద 'ఇది నేను చూశాను, ఈ అంకె ఫలానా నివేదికతో కలవడం లేదు' అని ఒక్క ముక్క రాసినా అది కొత్త లింకు కన్నా విలువైనది.

అంకెలు కలవకపోవడం మీకు తరచూ ఎదురవుతుంది. మిషన్ కాకతీయనే తీసుకోండి. 2015లో మొదలైన ఆ పథకంలో 46 వేలకు పైగా చెరువులు బాగుచేస్తామన్నది లక్ష్యం, వార్తల్లో ఆ లక్ష్యాన్నీ, మొదలుపెట్టిన పనుల్నీ, పూర్తయిన పనుల్నీ కలిపేసి రాస్తుంటారు. ఏ లింకులో ఉన్నది ఏ అంకె అన్నది నోట్‌లో విడిగా రాసుకోకపోతే రిపోర్టులో పొరపాటు దొర్లి తీరుతుంది.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని సంగతి. లింకు దాచడం అంటే పేజీ దాచడం కాదు. ప్యూ రిసెర్చ్ సెంటర్ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత తెరుచుకోవడం లేదు. మన దగ్గర ప్రభుత్వ సైట్ల పీడీఎఫ్‌ల విషయంలో నేను చూసింది ఇంతకన్నా మెరుగ్గా ఏమీ లేదు. ఒక శాఖ సైటును కొత్తగా మార్చినప్పుడు మా దగ్గరి ఒక బృందం దాచుకున్న నివేదికల లింకులన్నీ ఒక్కసారిగా చచ్చిపోయాయి, నివేదికలు ఎక్కడో ఉండే ఉంటాయి, చిరునామాలే మారాయి. వేబ్యాక్ మెషీన్‌లో (వెబ్ పేజీల కాపీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల సేవ) ముందే భద్రపరిచినవి మాత్రం దక్కాయి, మిగతావాటి కోసం ఆ పిల్లలు ఆఫీసు చుట్టూ తిరిగారు. కాబట్టి లింకు పెట్టగానే వేబ్యాక్ మెషీన్‌లో 'సేవ్ పేజ్ నౌ' అన్నచోట ఆ చిరునామా ఇచ్చి, వచ్చిన భద్రపు లింకును నోట్‌లో అతికించండి. పీడీఎఫ్ అయితే దించుకుని మీ ఉమ్మడి డ్రైవ్‌లో కూడా ఒక కాపీ ఉంచండి. వేబ్యాక్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని ఎందుకంటున్నానంటే, 2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద సైబర్ దాడి జరిగి కొన్ని రోజులు అది అసలు అందుబాటులో లేదు, అదే వారం రిపోర్టు ఇవ్వాల్సి ఉంటే ఏమయ్యేది. రెయిన్‌డ్రాప్ కూడా పేజీ కాపీ దాచిపెడుతుంది కానీ అది డబ్బు కట్టినవాళ్లకే. జొటెరో అయితే బ్రౌజర్ బటన్ నొక్కినప్పుడు పేజీ స్నాప్‌షాట్ కూడా తీసుకుంటుంది, ఉచితంగా ఇచ్చే చోటు 300 ఎంబీ. గ్రూప్ లైబ్రరీలో పడే ఫైళ్లన్నీ గ్రూపు మొదలుపెట్టినవాళ్ల కోటాలోంచే పోతాయి, అందుకని పెద్ద పెద్ద స్కాన్లు అందులో పెట్టకండి.

ఫేస్‌బుక్ పోస్టులు వేబ్యాక్‌కు సరిగా అందవు, స్క్రీన్‌షాట్ తీసి, తేదీతో సహా పెట్టుకోండి. ఈ-పేపర్ లింకులు కొన్నాళ్లకు లాగిన్ అడుగుతాయి, అందుకని పేపరు పేరు, ఎడిషన్, తేదీ, పేజీ నంబరు నోట్‌లో తప్పకుండా ఉండాలి, లింకు పోయినా ఏదో ఒక లైబ్రరీలో పాత పేపర్ల బైండింగు తిరగేసి పట్టుకోవచ్చు. యూట్యూబ్‌లో ఊరి పెద్దలు చెరువుల గురించి చెప్పిన వీడియోలు దొరుకుతాయి, వాటికి ఎన్నో నిమిషంలో ఆ మాట ఉందో రాయండి. గంట వీడియోను ఆరుగురు ఆరుసార్లు చూడటం ఎంత సమయం వృథా చెప్పండి.

ఒకే పేజీ రెండు మూడుసార్లు రావడం గురించీ అడిగారు. వాట్సాప్, ఫేస్‌బుక్‌ల నుంచి వచ్చిన లింకుల చివర ప్రశ్నార్థకం గుర్తు, దాని తర్వాత యూటీఎం అనో ఎఫ్‌బీక్లిడ్ అనో ఒక పొడుగాటి తోక ఉంటుంది. అది ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో లెక్కపెట్టుకోవడానికి, పేజీకి దాంతో పనిలేదు. ఆ తోక వల్ల ఒకే వార్త రెండు వేర్వేరు లింకులుగా పడుతుంది, దాచేముందు కత్తిరించండి. కాకపోతే ప్రశ్నార్థకం కనబడిందల్లా కోసేయొద్దు, కొన్ని ప్రభుత్వ సైట్లలో అసలు ఫైలు నంబరు దాని తర్వాతే ఉంటుంది. కోశాక ఒకసారి తెరిచి చూసుకుంటే సరిపోతుంది.

డీగో ఎందుకు చెప్పలేదని ఎవరైనా అడుగుతారు. మంచి టూలే, 2006 నుంచి ఉంది, వెబ్ పేజీ మీదే గీత గీసి పక్కన చీటీ అంటించినట్టు నోట్ రాస్తే గ్రూపులో అందరికీ కనిపిస్తుంది. అందరూ ఒకే వ్యాసాన్ని లోతుగా చదివి చర్చించే పని అయితే నేను దాన్నే చెప్తాను. మీ ఆధారాల్లో ఎక్కువ భాగం స్కాన్లు, ఈ-పేపర్ బొమ్మలు, మ్యాపులు. బొమ్మలో అక్షరాల మీద గీత గీయడం కుదరదు, అందుకే మీకు దాని అసలు బలం అందదు.

ఏది వాడినా నెలకోసారి ఎక్స్‌పోర్ట్ తీసి, అంటే కలెక్షన్ మొత్తం ఒక ఫైలుగా దించుకుని, డ్రైవ్‌లో పడేయండి, ఈ విషయంలో బద్ధకం వద్దు. ఈ రంగంలో నేను చూసినన్ని మూతలు ఇంకెక్కడా చూడలేదు. డెలిషియస్ 2005లో యాహూ చేతికి వెళ్లింది, తర్వాత చేతులు మారుతూ మారుతూ 2017లో పిన్‌బోర్డ్ అనే పోటీ సైటు కొనుక్కుని కొత్తవి దాచే వీలు తీసేసింది. పరిశోధకులు ఎంతో ఇష్టంగా వాడుకున్న సైట్‌యులైక్ 2019లో పోయింది. గూగుల్ బుక్‌మార్క్స్ 2021లో, పాకెట్ 2025 జులైలో. మూసేముందు ఎక్స్‌పోర్ట్‌కు గడువు ఇస్తారు కానీ అప్పటికి మీరు చదువు ముగించి ఎక్కడో ఉద్యోగంలో ఉంటారు, ఆ మెయిల్ ఎవరూ చూడరు. ఎక్స్‌పోర్ట్ సీఎస్‌వీ ఫైలుగా తీసి ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే తెలుగంతా పిచ్చి గుర్తులుగా కనిపించవచ్చు, కంగారుపడకండి, ఫైలు బాగానే ఉంటుంది. ఎక్సెల్‌లో డేటా మెనూలోంచి టెక్స్ట్ ఫైలుగా దిగుమతి చేసుకుంటూ యూటీఎఫ్-8 ఎంచుకుంటే మామూలుగా వస్తుంది, లేదా గూగుల్ షీట్స్‌లో తెరవండి.

కలెక్షన్ బయటివాళ్లకు కనబడేలా పెట్టాలా? ప్రస్తుతానికి వద్దు. మీ పని చెరువుల గురించి, అంటే ఎక్కడో ఒకచోట శిఖం భూముల కబ్జాలు, కోర్టు కేసులు, రైతుల పేర్లు, సర్వే నంబర్లు వస్తాయి. ఎవరి మీదో అనుమానం రాసుకున్న నోట్ బయటపడితే మీకూ ఇబ్బంది, వాళ్లకూ అన్యాయం. మీరు కలిసిన ఊరివాళ్ల ఫోన్ నంబర్లు నోట్లలో అసలు రాయకండి. పూర్తయ్యాక వ్యక్తుల వివరాలు లేని భాగాన్ని వేరే కలెక్షన్‌గా తీసి అందరికీ తెరిచి పెడితే చాలా సంతోషం, ఈ విషయం మీద పనిచేసే స్కూలు టీచర్లు, స్థానిక చరిత్రకారులు మన దగ్గర చాలామంది ఉన్నారు, వాళ్లకు ఇలాంటిది ఒకటి కావాలి. అయితే పుస్తకాల, వ్యాసాల పీడీఎఫ్ కాపీలు అందులో పెట్టొద్దు, కాపీరైట్ ఉంటుంది, లింకు, నోట్ చాలు.

చివరగా వాట్సాప్‌లో పేరుకుపోయినవి. గ్రూపు పేరు నొక్కి లోపలికెళ్తే మీడియా, లింకులు, డాక్యుమెంట్లు అన్నచోట లింకులన్నీ వరుసగా ఉంటాయి. లేదా 'ఎక్స్‌పోర్ట్ చాట్' నొక్కి, మీడియా లేకుండా తీసుకుంటే మొత్తం ఒక టెక్స్ట్ ఫైలుగా వస్తుంది. అందులోంచి లింకులన్నీ ఏరి ఒకేసారి రెయిన్‌డ్రాప్‌లోకి దిగుమతి చేసేద్దామని అనిపిస్తుంది, అది మాత్రం చేయకండి. నోట్ లేని లింకులు కుప్పగా వచ్చి పడితే మొదటి రోజే కలెక్షన్ మీద అందరికీ విసుగు పుడుతుంది. దాని బదులు ఎవరు పంపిన లింకులు వాళ్లకే అప్పగించండి. ఒక్కొక్కరు తమ లింకుల్లో ఏవి నిలబెట్టదగ్గవో చూసి, నోట్ రాసి, ట్యాగు పెట్టి ఎక్కించాలి. ఒక ఆదివారం అందరూ ఒకచోట కూర్చుని చేస్తే అయిపోతుంది, పక్కపక్కనే ఉంటారు కాబట్టి ఇది నేను పెట్టేశాను, నువ్వు వదిలెయ్ అని అప్పటికప్పుడు చెప్పుకోవచ్చు. ఎందుకు పంపానో గుర్తులేదు అనిపించిన లింకును వదిలేయండి, నిజంగా అవసరమైతే మళ్లీ ఎదురవుతుంది. ఆ రోజు నుంచి వాట్సాప్‌లో ఎవరైనా లింకు వేస్తే 'కలెక్షన్‌లో పెట్టు' అని మాత్రమే జవాబివ్వండి, దాని గురించి అక్కడ చర్చ మొదలుపెట్టొద్దు.

ట్యాగుల జాబితా తయారయ్యాక ఇక్కడే పెట్టండి, చూసి నాకు తోచింది చెప్తాను. శాసనాల ట్యాగులను ఎలా విడదీయాలన్నది మీరు అడగలేదు కానీ అది కాస్త పెద్ద విషయం, మీ జాబితా చూశాక దాని గురించి విడిగా రాస్తాను.